రింగుల గుంతా, సెప్టిక్ ట్యాంకా? 30×40 సైట్లో ఏం కట్టించాలి?

అవలహళ్ళి కొత్తిల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. పద్నాలుగేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. కె.ఆర్.పురం దాటాక అవలహళ్ళి వైపు ఓ లేఔట్లో 30×40 సైట్ కొని, ఇన్నాళ్ళకు ఇల్లు మొదలుపెట్టాం. కింద మేము ఐదుగురం, పైన అద్దెకు ఒక పోర్షన్. యూజీడీ లైను, అంటే భూమి లోపలి మురుగు పైపు, మా వీధికి ఇంకా రాలేదు. కావేరి నీళ్ళ కొళాయి కూడా రాలేదు. బోరు వేయించాం, 780 అడుగులకు నీళ్ళు పడ్డాయి.

ఇప్పుడు తగువంతా సెప్టిక్ ట్యాంకు దగ్గర వచ్చింది. మేస్త్రీ మన హిందూపురం ఆయనే, పని బాగానే చేస్తాడు. ఆయన మాట: "ట్యాంకు ఎందుకన్నా, దుడ్డు దండగ! నాలుగడుగుల సిమెంటు రింగులు ఎనిమిది దింపేస్తా, అడుగున కంకర పోస్తా, అంతే. ఇరవై ఏండ్లు మూత తీసే పనుండదు." దీనికి 48 వేలు. సరైన ట్యాంకు కట్టాలంటే లక్షా 70 వేల దాకా అవుతుందట.

మా నాన్న మేస్త్రీ పార్టీ. ఊళ్ళో మా ఇంటి గుంత 1991లో తవ్వించారు, ఇంతవరకూ నిండలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పిల్లాడికి ర్యాంకు వచ్చినట్టు ఉంటుంది.

నా భార్య మాత్రం ఒకటే అడుగుతోంది. గుంత నిండకపోతే మరి అదంతా ఎక్కడికి పోతున్నట్టు? నా దగ్గర జవాబు లేదు.

బోరు ముందు కుడి మూలన ఉంది. గుంత వెనక ఎడమ మూలన వస్తుంది. టేపు పెట్టి కొలిచాను, మధ్యన 38 అడుగులు. గురువారం తవ్వకం మొదలుపెడతానంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వర్తూరు కుర్రాడు:

అన్నా, టెన్షన్ పడొద్దు. మా వీధిలో ఇరవై ఇళ్ళుంటే ఇరవైకీ రింగులే. ఎవరికీ ఏం కాలేదు. మూడేళ్ళలో యూజీడీ ఎలాగూ వస్తుంది, అంతలోకి లక్షన్నర మట్టిలో పూడ్చడం ఎందుకు? ఆ డబ్బుతో వదినకు మంచి మాడ్యులర్ కిచెన్ చేయించు, ఇంట్లో శాంతి ఉంటుంది.

హొరమావు అమ్మమ్మ:

బాబూ, మీ ఆవిడ అడిగినదానికి జవాబు మేము పదకొండేళ్ళు తాగాం.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 2009లో హొరమావులో ఇల్లు కట్టాం. దానికి రెండేళ్ళ ముందే, 2007లో, శివారు గ్రామాలు 110 తెచ్చి బెంగళూరు కార్పొరేషన్లో కలిపారు. పన్ను నగరానికి కట్టాలి, మురుగు మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. మా ఆయన బ్యాంకులో పనిచేశారు, అర్ధరూపాయికి కూడా డైరీలో లెక్క రాసే మనిషి. రింగుల గుంతకు 22 వేలు అయింది. బోరుకూ గుంతకూ 24 అడుగులు. మీ నాన్నగారికున్న గర్వమే ఆయనకీ ఉండేది. చుట్టాలెవరొచ్చినా ఇల్లంతా చూపించి, చివర్లో "ఇంతవరకు ఒక్కసారి కూడా తీయించలేదండీ" అనేవారు. అది తీయించకపోవడం కూడా ఒక ఘనకార్యమని నేనూ అనుకున్నాను.

2020 చివర్లో మా అమ్మాయి పురిటికి వచ్చింది. పాలు చాలక డాక్టరమ్మ పాలపొడి రాసింది. ఏ నీళ్ళతో కలుపుతున్నారని అడిగింది. "బోరు నీళ్ళేనమ్మా, ఇరవై నిమిషాలు మరగబెడతాను" అని నేను గొప్పగా చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. ముందు ఆ నీళ్ళు టెస్టు చేయించండి, అంతవరకు వాటితో బిడ్డకు చుక్క కూడా పట్టొద్దు అంది.

రిపోర్టు వచ్చింది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, మా నీళ్ళలో 112. ఈ.కోలై అసలు కనపడకూడదు, కనపడింది. ఈ.కోలై అంటే మన పేగుల్లోంచి వచ్చే బ్యాక్టీరియా, ఇంకా విడమర్చి చెప్పక్కరలేదనుకుంటా. మరగబెడితే అది చస్తుంది. నైట్రేట్‌కు ప్రాణం లేదు, చావడానికి. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అంటే నేను ఇరవై నిమిషాలు గ్యాస్ తగలేసి ఆ నీళ్ళను ఇంకా చెడగొట్టాను. నెలల పిల్లల్లో అది రక్తం ప్రాణవాయువు మోసే శక్తిని తగ్గిస్తుందట, ఒళ్ళు నీలంగా మారుతుందట. మా మనవడికి ఏమీ కాలేదు, దేవుడి దయ. ఇప్పుడు బడికి పోతున్నాడు. కానీ ఆ రాత్రి వాడి గోళ్ళు టార్చి వేసి చూసుకుంటూ కూర్చున్నది నాకే తెలుసు.

మా ఆయన నమ్మలేదు. ఇంకో ల్యాబుకిచ్చారు. 108 వచ్చింది. నాలుగు తగ్గింది కదా అన్నారు.

సరే, గుంత తీయిద్దామంటే మూత ఎక్కడుందో తెలీదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, దానిమీద మా తులసికోట ఉంది. అదీ మా ఆచారం! కోట జరిపించి, టైల్స్ పగలగొట్టి, మూత తీయించాం.

లారీ వచ్చింది, నలుగురు మనుషులు. గొట్టం వేస్తే పైనున్న నీళ్ళు లాగింది గానీ అడుగు మడ్డి కదల్లేదు. పదకొండేళ్ళది, గట్టిపడిపోయింది. వాళ్ళలో ఒక కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, చొక్కా విప్పి, నీటుగా మడత పెట్టి, మా కొళాయి గట్టు మీద పెట్టాడు. ఆ మడత నాకింకా కళ్ళముందే ఉంది. ఎందుకు బాబూ అంటే, లోపలికి దిగి పారతో కదిలిస్తాడట. వద్దన్నాను. "ఎప్పుడూ చేసేదేనమ్మా, అరగంట పని" అన్నాడు వాళ్ళ పెద్దాయన. గ్యాస్ ఉందో లేదో అగ్గిపుల్ల గీసి వేసి చూస్తాం అన్నాడు ఇంకొకతను. లోపల మీథేన్ ఉంటే ఆ పుల్ల చాలు, ఊరంతా వినపడుతుంది. ఇంకొకటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన గుడ్డు వాసన కొడితే జాగ్రత్త పడాలని అందరికీ తెలుసు. అది మరీ ఎక్కువైనప్పుడు ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని మనిషి ధైర్యంగా దిగుతాడు. దిగినవాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు. పేపర్లో ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు కలిసి పోయినట్టు రాసేది అందుకే.

నేను ఒప్పుకోలేదు. సగం పనికి పూర్తి డబ్బిచ్చి పంపేశాను. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత జెట్టింగ్ బండి పిలిపించాం. నీళ్ళు జోరుగా కొట్టి మడ్డిని కరిగించి లాగేది. 7,500 తీసుకున్నారు, ఎవరూ దిగలేదు.

2021లో పక్కా ట్యాంకు కట్టించాం, లక్షా 42 వేలు. పాత గుంతను ఖాళీ చేయించి, సున్నం చల్లి, మట్టితో పూడ్పించాం. 22 వేలతో అయిపోయిందనుకున్న పనికి చివరికి ఎంతయిందో ఆయన డైరీలో ఉంది. ఆ పేజీ నాకు చూపించరు.

ఇదంతా చేశాక మా బోరు బాగుపడిందా అంటే, పూర్తిగా కాదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ టెస్టు చేయిస్తే 74. మా గుంత మూశాం గానీ పక్క సైట్ల గుంతలు పక్కనే ఉన్నాయిగా. వర్తూరు బాబూ, మీ వీధిలో ఇరవై ఇళ్ళకూ ఏం కాలేదన్నావు. ఆ ఇరవై ఇళ్ళలో ఒక్కరన్నా నీళ్ళు టెస్టు చేయించారేమో అడిగి చెప్పు.

కేజీఎఫ్ తెలుగోడు:

అమ్మా, మీరు ఆ కుర్రాణ్ణి దిగనివ్వనందుకు దండాలు. మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. బెజవాడ విల్సన్ గారిది మా ఊరే. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన పని ఇదే, చేత్తో మలం ఎత్తడం. దాన్ని మాన్పించడానికే ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్ పెట్టి తిరిగాడు, 2016లో మెగసెసే అవార్డు ఇచ్చారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఈ పని గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇల్లు కట్టేవాళ్ళకు ఒక్క మాట. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని రక్షణ లేకుండా దింపడం నేరం. లారీవాడు దింపాడు, నాకేం సంబంధం అంటే కుదరదు, పని చేయించుకున్న ఇంటాయన కూడా అందులో ఉంటాడు. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలా పోయినవాళ్ళ కుటుంబానికి పరిహారం 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023లో తీర్పు ఇచ్చింది. ముప్పై లక్షలిచ్చినా చొక్కా మడతపెట్టినోడు తిరిగి రాడు కదా.

పదిహేనేళ్ళు తీయకుండా మడ్డిని రాయి చేసి పెడితే, చివరికి దాంట్లో దిగేది ఎవరో కూడా మీ ఎస్టిమేట్‌లో రాసుకోండి.

చిత్తూరు సైట్ ఇంజనీరు, రిటైర్డ్:

అమ్మమ్మ గారు చెప్పాల్సింది చెప్పేశారు. నేను కొలతలు చెబుతాను. ముప్పై నాలుగేళ్ళు ఈ పనే చేశాను, నాలుగు రాష్ట్రాల మట్టి చూశాను.

మొదట పేరు సరిచేసుకుందాం. మీ మేస్త్రీ చెప్పేది సెప్టిక్ ట్యాంకు కాదు. అడుగు లేని రింగులు దింపితే అది ఇంకుడు గుంత, మురుగు భూమిలోకి ఇంకిపోతుంది. బెంగళూరు శివార్లలో సెప్టిక్ ట్యాంకు అని చెప్పి కట్టేవి చాలా వరకు ఇవే. ట్యాంకు అంటే నీళ్ళు నిలవాలి. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టుగా తేలుతుంది, మధ్యలో ఉన్న తేట మాత్రం టీ (ఇంగ్లీషు T ఆకారపు) పైపు గుండా బయటికి పోతుంది. అడుగు మడ్డిని గాలి అక్కరలేని బ్యాక్టీరియా నెమ్మదిగా తింటుంది. తినగా మిగిలింది పేరుకుంటుంది. కాబట్టి మంచి ట్యాంకు తప్పకుండా నిండుతుంది. నిండకపోతే కారుతోందని అర్థం.

మీ నాన్నగారి గుంత 1991 నుంచి నిండలేదంటే నేను నమ్ముతాను. ఊళ్ళో చుట్టూ స్థలం, అప్పట్లో బిందెతో పోసే నీళ్ళు, ఇంట్లో నలుగురు. మీకు ఫ్లష్ ట్యాంకులు, షవర్లు, పైన అద్దెవాళ్ళు. రెండిటికీ పోలిక లేదు.

బెంగళూరులో ఎర్రమట్టి కింద మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో పగుళ్ళు. మీ బోరుకు నీళ్ళొచ్చేది ఆ పగుళ్ళలోంచే. పైమట్టి మంచి జల్లెడ, తన గుండా పోయే మురుగును కొంత శుద్ధి చేస్తుంది. ఎనిమిది రింగులు దింపారంటే ఆ జల్లెడను దాటేసి, మురుగును తిన్నగా కింది పొరకు అందించారన్నమాట. 780 అడుగుల లోతు కదా, ఏమవుతుందిలే అనుకోకండి. బోరు పైభాగంలో దింపే కేసింగ్ పైపు గట్టి రాయి దాకా దిగకపోయినా, దాని చుట్టూ సిమెంటు పోయకపోయినా, పైనుంచి కారేది బోరు గోడ వెంట అడుగుకు చేరుతుంది. మీ బోరువాళ్ళు కేసింగ్ ఎన్ని అడుగులు వేశారో బిల్లు తీసి చూడండి. అడుగుకింత అని లెక్క కాబట్టి చాలామంది అక్కడే పొదుపు చేయిస్తారు.

దీనికి ఐఎస్ 2470 అని ప్రమాణం ఉంది, 1985 నాటిది. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు ఉండాలంటుంది. 18 మీటర్లంటే 59 అడుగులు. మీ సైటు పొడవే 40 అడుగులు, మూల నుంచి మూలకు లాగినా 50. అంటే మీరు బోరూ, గుంతా ఒకే సైట్లో పెట్టాలనుకున్న రోజే లెక్క తప్పింది. ఇది మీ తప్పు కాదు, లేఔట్లు కోసినవాళ్ళది. మీ పక్కాయన బోరు మీ గుంతకు ఎంత దూరమో కూడా కొలవండి, అది ఇంకా దగ్గరుండొచ్చు.

ఇప్పుడు ఏం చేయాలంటే: పదిమందికి లోపల కొలత పొడవు 2 మీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్లు, నీటి లోతు 1.4 మీటర్లు. మూడేళ్ళకోసారి మడ్డి తీయించే లెక్క ఇది. నీటి మట్టం పైన ఇంకో 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. రెండు వేల లీటర్లు దాటింది కాబట్టి మధ్యలో అడ్డగోడ వేసి రెండు గదులు చేయండి, మొదటిది మూడింట రెండు వంతులు. లోపలికొచ్చే పైపు కంటే బయటికి పోయే పైపు రెండు అంగుళాలు కిందికి. రెండు చివరలా టీ పెట్టాలి. టీ పెట్టకపోతే తెట్టు నేరుగా బయటికి పోతుంది, మేస్త్రీలు మిగుల్చుకునేది సరిగ్గా ఆ రెండొందల రూపాయల టీ దగ్గరే! అడుగున కాంక్రీటు, గోడలకు లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్.

స్నానాల నీళ్ళు, వాషింగ్ మెషిన్ నీళ్ళు దీంట్లోకి పంపకండి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన పదిమందివీ దీంట్లోకే వస్తే మడ్డి దిగడానికి టైముండదు, అన్నీ కలిసి బయటికి కొట్టుకుపోతాయి. వాటికి వేరే పైపు వేసి, చిన్న ఛాంబర్ దాటించి మొక్కలకు వదలండి. వాన నీళ్ళు అసలు రాకూడదు. ఇంకో ఘోరం కూడా చూశాను. వాన నీటి కోసం తవ్విన ఇంకుడు గుంతలోకి ట్యాంకు పైపు కలిపేశారు. రెండూ గుంతలే కదా అన్నాడు ఆ మేస్త్రీ.

ట్యాంకులోంచి వచ్చే తేట శుభ్రమైన నీళ్ళని పొరబడొద్దు. దాన్ని వాన కాలువలోకి వదిలితే మీ ఎలె మల్లప్ప శెట్టి చెరువులో తేలుతుంది. ట్యాంకు పక్కనే ఒక కంకర గది కట్టండి. నీళ్ళు అడుగు నుంచి పైకి కంకర గుండా ఎక్కి బయటికి రావాలి. ఆ తర్వాత బోరుకు అందినంత దూరంగా, లోతుగా కాకుండా పైపైన, కంకర పరిచిన కందకం చేసి అక్కడ అరటి, మెట్టతామర వేసుకోండి. వేర్లు తాగుతాయి. ఇంత చేసినా నైట్రేట్ మొత్తం ఆగదు. కాబట్టి తాగడానికి, వంటకు బోరు నీళ్ళు ఆర్వో లేకుండా వాడొద్దు, ఏడాదికోసారి టెస్టు చేయించండి. ఇంతకంటే మంచిమాట చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను.

గాలి గొట్టం ఇంటి పైకప్పు కంటే రెండు మీటర్లు పైకి తీసి, చివర దోమల జాలీ కట్టండి. క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు.

మూడేళ్ళలో యూజీడీ వస్తుందన్న తమ్ముడికి: రావచ్చు, రాకపోవచ్చు. వస్తే వెంటనే కలుపుకునేలా రోడ్డు వైపు ఒక ఛాంబర్ ఇప్పుడే కట్టి వదలమనండి. దానికి పెద్ద ఖర్చు లేదు.

అవలహళ్ళి కొత్తిల్లు:

అందరికీ చాలా థాంక్స్. అమ్మమ్మ గారి పోస్టు మా నాన్నకు చదివి వినిపించాను. "ఆ తులసికోట సంగతి మళ్ళీ చదువు" అన్నారు. ట్యాంకే కట్టిస్తున్నాం. పైపు బోరుకు దూరంగా ఎలా తిప్పాలో సార్ చెప్పినట్టు గీసుకున్నాను. కేసింగ్ బిల్లు చూశాను, 60 అడుగులే. చుట్టూ సిమెంటు పోయలేదు. ఇప్పుడు పోయిస్తున్నా.

రెండు డౌట్లు. ఒకటి, కొత్త ట్యాంకులో చచ్చిన పిల్లిని వేస్తే పురుగు పట్టి బాగా పనిచేస్తుందని మేస్త్రీ అంటున్నాడు. బెల్లం, ఈస్టు కూడా చెప్పారు ఎవరో. ఆన్‌లైన్లో ఎంజైమ్ పొడులు అమ్ముతున్నారు, ప్యాకెట్టు 600. ఏది నిజం? రెండు, తీయించేటప్పుడు పూర్తిగా కడిగించాలా?

చిత్తూరు సైట్ ఇంజనీరు, రిటైర్డ్:

పిల్లిని వదిలేయండి పాపం. మనం పంపేదాంట్లోనే కావలసిన బ్యాక్టీరియా కోట్లకొద్దీ ఉంటుంది. వాడకం మొదలుపెట్టే ముందు ట్యాంకును బయటి పైపు మట్టం దాకా మంచినీళ్ళతో నింపి, ఒక బకెట్టు మురిగిన పేడనీళ్ళు పోయండి, చాలు. పొడి కొన్నారని మడ్డి తీయించడం మానుకుంటే ఆ ఆరొందలు ఇంకా పెద్ద నష్టం. అసలు బ్యాక్టీరియాను చంపేది ఇంట్లోవాళ్ళే. బాత్రూముకు యాసిడ్, సీసా సీసా ఫినాయిల్ కుమ్మరించకండి. ప్యాడ్లు, డైపర్లు, వెట్ వైప్స్ అస్సలు పోకూడదు. ఈ సంగతి అద్దెవాళ్ళకు అగ్రిమెంటులో రాయండి, తర్వాత మొహమాటపడాల్సిన పని ఉండదు.

కడిగించొద్దు. అడుగున ఒక అంగుళం మడ్డి వదిలేయమనండి, కొత్తదానికి అదే తోడు. పెరుగుకు తోడు పెట్టినట్టే. తీయించిన వెంటనే మళ్ళీ నీళ్ళు నింపండి. వానాకాలంలో భూమిలో నీళ్ళు పైకొచ్చినప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా లేస్తుంది. చెన్నైలో పని చేసినప్పుడు ఒక ఫైబర్ ట్యాంకు పైపులన్నీ తెంచుకుని నేలమీదికి రావడం చూశాను.

లారీవాణ్ణి ఎక్కడ పోస్తావయ్యా అని అడగండి. దేవనహళ్ళిలో 2015లోనే మడ్డిని శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు, అలాంటిచోటికి పోవాలి. చెరువు గట్టుకు పోయేవాడైతే వేరేవాణ్ణి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి మిగిలింది. ప్లాస్టరింగ్ అయ్యాక, బయటి మట్టి పూడ్చకముందు, ట్యాంకును నిండా నింపి గోడ మీద గీత గీయండి. ఒకరోజంతా వదిలేయండి. గీత దిగకూడదు. అది చూసేదాకా మేస్త్రీకి చివరి కంతు ఇవ్వకండి.

హొరమావు అమ్మమ్మ:

మూత రెండు గదులకూ పెట్టించు బాబూ, ఒకటి పెట్టి సరిపెడతారు. వాటిమీద టైల్స్ వేయనివ్వకు. కారు పార్కింగు కిందా వద్దు. మీ ఆవిణ్ణి అడిగి, ముగ్గు వేసే చోటు కూడా తప్పించు.

వర్తూరు కుర్రాడు:

అమ్మమ్మా, మా వీధి గ్రూపులో అడిగాను. ఒక్కరు కూడా టెస్టు చేయించలేదు. నేను ఈరోజు సీసాలో పట్టి ల్యాబులో ఇచ్చాను. బుధవారం రిపోర్టు.

అవలహళ్ళి కొత్తిల్లు (మూడు వారాల తర్వాత):

ట్యాంకు అయింది. లక్షా 64 వేలు. నిన్న పొద్దున నింపి, సుద్దముక్కతో గీత గీశాను. ఈరోజు పొద్దున చూస్తే గీత కంటే నాలుగు వేళ్ళు కిందికి దిగింది. ఎండకు ఆవిరైందన్నాడు మేస్త్రీ. సరే అని రెండు మూతలూ వేయించి, మళ్ళీ నింపించి, మధ్యాహ్నం దాకా అక్కడే కుర్చీ వేసుకు కూర్చున్నాం, నేనూ మా నాన్నా. మళ్ళీ దిగింది. మా నాన్న లేచి వెళ్ళి, బయటి గుంతలోకి వంగి, గోడ మూల చేత్తో తడిమి చూశారు. తడి చెయ్యి మేస్త్రీ ముందు పెట్టారు. ఏమీ అనలేదు.

ఇప్పుడే నీళ్ళు తోడించాం. మూత రెండూ తీసి గాలికి వదిలారు. రేపు పొద్దున మళ్ళీ ప్లాస్టరింగ్.